అంకె కదలదు.. అప్‌డేట్ అవదు!

* లోపం లైన్‌లోనా, వైఫై డబ్బాలోనా, కంప్యూటర్‌లోనా?
* పావుగంటలో తేల్చుకోవచ్చు
* విసిగిపోయి ఆపేస్తే అసలుకే మోసం

నెట్ బిల్లు నెలనెలా కడుతున్నాం. ఫోన్‌లో సినిమా ఆగకుండా ఆడుతోంది. ఇంట్లో కంప్యూటర్ తెరిస్తే మాత్రం అప్‌డేట్ పొద్దున 14 శాతం దగ్గర ఉంటుంది, మధ్యాహ్నానికి 17కి వస్తుంది. సాయంత్రం పిల్లాడు ప్రాజెక్టు చేసుకోవాలని కూర్చుంటే ‘డౌన్‌లోడ్ అవుతోంది’ అనే మాటే తెరపై వెక్కిరిస్తుంది. నాన్నకు విసుగొచ్చి స్విచ్ కట్టేస్తాడు. మర్నాడు మళ్లీ అదే తంతు. నాలుగు రోజులు చూసి, తెలిసిన కుర్రాడెవరినో పిలిచి ‘బాబూ.. ఈ అప్‌డేట్ గోల లేకుండా చేసిపెట్టు’ అంటారు. అతను అప్‌డేట్లు రాకుండా ఆపేసి వెళ్తాడు. ఇంటిల్లిపాదీ హమ్మయ్య అనుకుంటారు.

అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. బళ్లారి, రాయచూరు, హోసూరు, బరంపురం, రాయగడ, సోలాపూర్, నాందేడ్, యానాం.. ఊరేదైనా ఇంటి కంప్యూటర్ ఇప్పుడు ఆటవస్తువు కాదు. పిల్లల ప్రవేశ పరీక్షల దరఖాస్తులు, బ్యాంకు లావాదేవీలు, దుకాణం లెక్కలు, జీఎస్టీ రిటర్నులు అన్నీ దాంట్లోనే. అప్‌డేట్ ఆపేయడమంటే దొంగలు తిరిగే వీధిలో తలుపు గడియ తీసి పడుకోవడమే. కాబట్టి ఆపేయడం మందు కాదు. ఎందుకు నత్తనడక నడుస్తోందో కనిపెట్టాలి. అదేమంత బ్రహ్మవిద్య కాదు.

ముందు లెక్క తెలుసుకోండి

చాలామంది పొరపడేది అంకెల దగ్గరే. నెట్ కంపెనీ ‘40 ఎంబీపీఎస్’ అంటే సెకనుకు 40 మెగాబిట్లు. మన ఫైళ్ల సైజు కొలిచేది మెగాబైట్లలో. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. అంటే 40 ఎంబీపీఎస్ లైన్‌లో సెకనుకు దిగేది అయిదు మెగాబైట్లే. ‘40 అని చెప్పి 5 ఇస్తున్నారు’ అని కేబుల్ కుర్రాడితో తగవుకు దిగి లాభం లేదు. అది మోసం కాదు, కొలమానంలో తేడా.

ఒక జీబీ అప్‌డేట్ దిగడానికి ఎంతసేపు పడుతుందో చూడండి. లైన్ మొత్తం దానికే దొరికితే..

* 100 ఎంబీపీఎస్ లైన్‌లో 80 సెకన్లు
* 40 ఎంబీపీఎస్ లైన్‌లో 3 నిమిషాల 20 సెకన్లు
* 10 ఎంబీపీఎస్ లైన్‌లో సుమారు 13 నిమిషాలు
* 2 ఎంబీపీఎస్ లైన్‌లో గంటా ఏడు నిమిషాలు

మన దేశంలో ‘బ్రాడ్‌బ్యాండ్’ అనే మాటకు అర్థం కూడా ఏళ్ల తరబడి మారుతూ వచ్చింది. 2004 విధానం ప్రకారం 256 కేబీపీఎస్ ఉంటే చాలు బ్రాడ్‌బ్యాండే. 2013లో దాన్ని 512 కేబీపీఎస్‌కి, 2023 జనవరిలో 2 ఎంబీపీఎస్‌కి పెంచారు. అంటే 2 ఎంబీపీఎస్ వచ్చినా కాగితం మీద అది బ్రాడ్‌బ్యాండే. కానీ ఆ వేగంతో పెద్ద అప్‌డేట్ నాలుగు జీబీలు దిగాలంటే నాలుగున్నర గంటలు ఆగాల్సిందే. మీ ప్లాన్ వేగమెంతో బిల్లులో చూసి, పై లెక్కతో సరిచూసుకోండి. మీకు పడుతున్న సమయం లెక్కకు దగ్గరగా ఉంటే లోపం ఏమీ లేదు, ప్లాన్ చిన్నది అంతే. లెక్క ప్రకారం అయిదు నిమిషాల పని అయిదు గంటలు పడుతోందంటేనే వెతకాలి.

పావుగంట పరీక్ష

వైద్యుడు నాడి చూసినట్టు వరసగా నాలుగు పనులు చేయండి. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకుని వచ్చిన అంకెలు రాసుకోండి.

ఒకటి: ఇంట్లో టీవీ, ఫోన్లు అన్నీ కాసేపు వైఫై నుంచి తీసేయండి. కంప్యూటర్‌లోనూ అప్‌డేట్‌ను ఆపి ఉంచండి. ఇప్పుడు కంప్యూటర్‌ను వైఫై డబ్బాకు నేరుగా లాన్ కేబుల్‌తో కలిపి స్పీడ్ టెస్ట్ చేయండి.

రెండు: కేబుల్ తీసేసి, కంప్యూటర్ రోజూ ఉండేచోటే వైఫైతో మళ్లీ అదే టెస్ట్ చేయండి.

మూడు: ఫోన్‌ను వైఫై డబ్బా పక్కన పెట్టి టెస్ట్ చేయండి. ఫోన్‌లో మొబైల్ డేటా కట్టేయడం మరవొద్దు.

నాలుగు: ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి కంప్యూటర్‌ను దానికి కలపండి. అప్‌డేట్ డౌన్‌లోడ్ మొదలుపెట్టి రెండు నిమిషాలు చూడండి. మొబైల్ డేటా అయిపోకుండా వెంటనే ఆపేయండి.

ఇక తీర్పు ఇలా చెప్పుకోవచ్చు. కేబుల్‌తో బాగుండి వైఫైతో పడిపోతే లోపం వైఫైది. కేబుల్‌తోనూ, డబ్బా పక్కనున్న ఫోన్‌లోనూ తక్కువే వస్తే లోపం లైన్‌ది, కబురు నెట్ కంపెనీకి వెళ్లాలి. ఫోన్‌లో బాగా వచ్చి కంప్యూటర్‌లో రాకపోతే తప్పు కంప్యూటర్‌ది. అన్ని టెస్టులూ బాగుండి అప్‌డేట్ ఒక్కటే పాకుతుంటే సెట్టింగ్స్ చూడాలి, లేదంటే అప్‌డేట్ పంపే సర్వర్‌కు వెళ్లే దారి ఇరుకుగా ఉందని అర్థం. ఇంటి నెట్‌తో పాకిన అప్‌డేట్ హాట్‌స్పాట్‌తో పరిగెడితే ఇరుకు మీ నెట్ కంపెనీ దారిలోనే ఉంది.

ఇక్కడో కిటుకు ఉంది. స్పీడ్ టెస్ట్ మామూలుగా మనకు దగ్గర్లోని సర్వర్‌ను ఎంచుకుంటుంది. కొన్నిసార్లు అది మీ నెట్ కంపెనీ సొంత సర్వరే అయి ఉంటుంది. ఇంటి నుంచి వీధి చివరి వరకు రోడ్డు బాగుందని తేల్చి ‘భేష్’ అంటుంది. అప్‌డేట్ రావాల్సింది ఊరవతల నుంచి. అందుకే టెస్ట్‌లో 40 చూపించి అప్‌డేట్ 2తో నడవడం విడ్డూరమేమీ కాదు. టెస్ట్ చేసేటప్పుడు సర్వర్‌ను మార్చుకునే వీలుంటుంది. చెన్నై, ముంబయి, హైదరాబాద్ లాంటి దూరపు నగరాలను ఎంచుకుని ఒకసారి చూడండి. అసలు బండారం బయటపడుతుంది.

వైఫై డబ్బా ఎక్కడ పెట్టారు?

చాలా ఇళ్లలో వైఫై డబ్బా తీగ లోపలికి వచ్చినచోటే, అంటే వీధి గుమ్మం పైనో టీవీ వెనకాలో ఉంటుంది. కంప్యూటరేమో లోపలి గదిలో. మధ్యలో రెండు మందపాటి గోడలు, ఒక ఇనుప బీరువా, ఒక ఫ్రిజ్. సిగ్నల్ అక్కడికి చేరేసరికి నీరసించిపోతుంది. డబ్బాను ఇంటి మధ్యలో, కాస్త ఎత్తులో, చుట్టూ ఖాళీ ఉండేలా పెట్టించండి. పది అడుగుల తీగ ఎక్కువ వేయించుకోవడం కొత్త డబ్బా కొనడం కన్నా చవక.

ఇప్పటి డబ్బాల్లో చాలావరకు రెండు పేర్లతో వైఫై కనిపిస్తుంది. ఒకటి 2.4 గిగాహెర్ట్జ్, రెండోది 5 గిగాహెర్ట్జ్. మొదటిది దూరం వెళ్తుంది గానీ వేగం తక్కువ. పైగా పక్కింటి వైఫైలు, బ్లూటూత్, వంటింటి మైక్రోవేవ్ అన్నీ అదే దారిలో తోసుకుంటాయి. రెండోది వేగంగా ఉంటుంది గానీ గోడలు దాటడం కష్టం. కంప్యూటర్, డబ్బా ఒకే గదిలో ఉంటే 5 గిగాహెర్ట్జ్‌కి మార్చుకోండి. గోడకు గోడ ఆనుకున్న పాత పేటల్లో ఈ ఒక్క మార్పుతోనే తేడా తెలుస్తుంది. కంప్యూటర్ పాతదైతే 5 గిగాహెర్ట్జ్ పేరు అందులో కనిపించకపోవచ్చు. అలాంటప్పుడు లాన్ కేబులే మేలు. కేబుల్ పాతదై లోపల ఒకట్రెండు తీగలు తెగినా వేగం పడిపోతుంది కాబట్టి మరో కేబుల్‌తో కూడా చూడండి.

నెలల తరబడి ఆగకుండా నడుస్తున్న డబ్బాను వారానికోసారి కట్టేసి, అరనిమిషం ఆగి వేయడం కూడా మంచిదే. ఖర్చు లేని వైద్యం. డబ్బాకు ఇన్వర్టర్ కనెక్షన్ ఇస్తే కరెంటు కోతల్లోనూ లైన్ తెగదు.

సాయంత్రం రద్దీ.. నెలాఖరు నీరసం

రాత్రి ఏడు నుంచి పదకొండు దాకా ఊరంతా టీవీల ముందు, ఫోన్ల ముందు ఉంటుంది. ఒకే లైన్‌ను పదుల ఇళ్లకు పంచినచోట ఆ వేళ వేగం తగ్గడం సహజం. తెల్లవారుజామున అయిదింటికి ఒకసారి, రాత్రి తొమ్మిదింటికి ఒకసారి టెస్ట్ చేసి పోల్చండి. పొద్దున బాగుండి రాత్రే పడిపోతుంటే అది వీధి రద్దీ.

నెల మొదట్లో బాగుండి మూడో వారం నుంచి నీరసిస్తోందా? ప్లాన్‌లో ఇచ్చిన డేటా అయిపోయి ఉంటుంది. ‘అన్‌లిమిటెడ్’ అని పెద్దక్షరాల్లో రాసినా, ఇన్ని జీబీల తర్వాత వేగం ఇంతకు తగ్గుతుందని కింద చిన్నక్షరాల్లో ఉంటుంది. దీన్నే ఎఫ్‌యూపీ అంటారు. కంపెనీ యాప్‌లోనో, కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసో ఎంత వాడారో చూసుకోండి. డేటా అయిపోయాక ఎంత రిపేరు చేసినా వేగం పెరగదు.

రెండో మంగళవారం సంగతి

విండోస్ వాడేవారు గుర్తుపెట్టుకోవాల్సిన రోజు ఒకటుంది. మైక్రోసాఫ్ట్ 2003 అక్టోబరు నుంచి భద్రతా అప్‌డేట్లను నెలలో రెండో మంగళవారం విడుదల చేస్తోంది. అమెరికా పశ్చిమ తీరంలో ఉదయం పదింటికి వదిలితే మనకు అది మంగళవారం రాత్రి పదిన్నర. అక్కడి శీతకాలంలో అయితే రాత్రి పదకొండున్నర. అంటే బుధవారం మనం కంప్యూటర్ తెరిచేసరికి అప్‌డేట్ కాచుకుని ఉంటుంది. అర్జెంటు దరఖాస్తు ఏదైనా ఉంటే బుధవారం ఉదయానికి అట్టిపెట్టుకోకండి. అప్‌డేట్‌ను ఆ రాత్రికి వదిలేయండి.

ఇంకో మాట. మూడు నెలలుగా అప్‌డేట్ చేయలేదని, ఇప్పుడు మూడింటినీ దించుకోవాలేమోనని జంకేవారున్నారు. ఆ భయం అక్కర్లేదు. నెలవారీ భద్రతా అప్‌డేట్లో అంతకుముందు నెలలవీ కలిసే ఉంటాయి. తాజాది ఒక్కటి దిగితే చాలు.

మనమే కట్టేసిన ముళ్లు

అన్ని టెస్టులూ బాగున్నా అప్‌డేట్ కదలకపోతే కంప్యూటర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లాలి. విండోస్ 11లో సెట్టింగ్స్ తెరిచి, విండోస్ అప్‌డేట్, అందులో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అందులో డెలివరీ ఆప్టిమైజేషన్‌కు వెళ్లండి. అప్‌డేట్ ఎంత వేగంతో దిగాలో పరిమితి పెట్టే వీలు అక్కడుంటుంది. ఎప్పుడో ఎవరో 5 శాతమనో, అర ఎంబీపీఎస్ అనో పెట్టి మరిచిపోయి ఉండొచ్చు. కరోనా రోజుల్లో ఆన్‌లైన్ క్లాసులు ఆగకూడదని ఇలా కట్టేసుకున్న ఇళ్లున్నాయి. ఆ టిక్కు తీసేయండి.

రెండోది మీటర్డ్ కనెక్షన్. డేటా ఆదా కోసం ఈ సెట్టింగ్ ఆన్ చేస్తే అప్‌డేట్లు చాలావరకు వాటంతటవే దిగవు. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్‌కు వెళ్లి, మీ వైఫై పేరు మీద నొక్కితే ఇది కనిపిస్తుంది. ఇంటి వైఫైకి ఆఫ్‌లో ఉంచండి. ఫోన్ హాట్‌స్పాట్‌కు మాత్రం ఆన్‌లోనే ఉండనివ్వండి. లేకపోతే రోజువారీ డేటా గంటలో హారతి కర్పూరమవుతుంది.

మూడోది వీపీఎన్. ఏదో సైట్ చూడ్డానికి పెట్టుకున్న వీపీఎన్ ఆన్‌లోనే ఉంటే అప్‌డేట్ ఊళ్లన్నీ చుట్టి మన ఇంటికి వస్తుంది. కట్టేసి చూడండి. కంప్యూటర్‌లో తేదీ, సమయం తప్పుగా ఉన్నా అప్‌డేట్ మొరాయిస్తుంది. మదర్‌బోర్డు మీద చిన్న బ్యాటరీ అయిపోయిన పాత కంప్యూటర్లలో ఇది తరచూ జరిగేదే. కరెంటు తీసి వేసిన ప్రతిసారీ గడియారం వెనక్కి వెళ్తుంటే ఆ బ్యాటరీ మార్పించండి.

నాలుగోది ఎవరు తింటున్నారో చూడటం. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు ఒకేసారి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. నెట్‌వర్క్ అనే వరుస మీద నొక్కితే నెట్ ఎక్కువ వాడుతున్న ప్రోగ్రామ్ పైకి వస్తుంది. ఫొటోలు క్లౌడ్‌లోకి ఎక్కించేదో, పిల్లల ఆటను అప్‌డేట్ చేసేదో చాటుగా లైన్ మొత్తం వాడేస్తూ ఉండొచ్చు.

దిగిపోయింది.. ఎక్కడం లేదు

డౌన్‌లోడ్ వేరు, ఇన్‌స్టాల్ వేరు. డౌన్‌లోడ్ అంటే సరుకు ఇంటికి చేరడం. ఇన్‌స్టాల్ అంటే దాన్ని విప్పి అల్మారాలో సర్దడం. తెర మీద ‘ఇన్‌స్టాలింగ్’ అని ఉండి అంకె కదలకపోతే నెట్‌ను తిట్టి లాభం లేదు. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ నూరు శాతం దగ్గర ఉందేమో చూడండి. పాత తరహా తిరిగే హార్డ్ డిస్క్ ఉన్న కంప్యూటర్లలో ఈ పని గంటల తరబడి సాగుతుంది. అదే కంప్యూటర్‌కు ఎస్ఎస్‌డీ వేయిస్తే పని నిమిషాల్లోకి వస్తుంది. పాత కంప్యూటర్ మీద పెట్టే ఖర్చుల్లో ఇదే అన్నిటికన్నా గిట్టుబాటు.

సి డ్రైవ్ నిండిపోయినా ఇదే అవస్థ. పెద్ద అప్‌డేట్‌కు 20 జీబీల దాకా ఖాళీ ఉంటే నిశ్చింత. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో స్టోరేజ్‌కు వెళ్లి టెంపరరీ ఫైళ్లు తీసేయండి. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌కు టిక్కు పెట్టేముందు అందులో అవసరమైన కాగితాలు లేవని చూసుకోండి.

సగంలో దిగి పాడైన ఫైలు ఉంటే అంకె రోజుల తరబడి ఒకేచోట నిలిచిపోతుంది. ముందు కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయండి. తర్వాత సెట్టింగ్స్‌లో ట్రబుల్‌షూట్‌కు వెళ్లి విండోస్ అప్‌డేట్ పక్కనున్న రన్ నొక్కండి. అదీ పనిచేయకపోతే సర్వీసెస్‌లో విండోస్ అప్‌డేట్, బ్యాక్‌గ్రౌండ్ ఇంటెలిజెంట్ ట్రాన్స్‌ఫర్ అనే రెండు సర్వీసులను స్టాప్ చేయాలి. సి డ్రైవ్‌లోని విండోస్ ఫోల్డర్‌లో సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషన్ అనే ఫోల్డర్ ఉంటుంది. దాని లోపలి డౌన్‌లోడ్ ఫోల్డర్‌లో ఉన్నవన్నీ తీసేసి, కంప్యూటర్ రీస్టార్ట్ చేసి, అప్‌డేట్ మళ్లీ మొదలుపెట్టాలి. ఇదంతా మీ సొంత ఫైళ్ల జోలికి వెళ్లదు. అయినా చేయి తిరగనివారు తెలిసినవారిని పక్కన పెట్టుకుని చేయడమే మంచిది.

ఫోన్ నెట్టే దిక్కైన చోట

ఫైబర్ తీగ ఇంకా రాని ఊళ్లు, క్యాంపులు, కొండప్రాంతాలు సరిహద్దులో ఎన్నో ఉన్నాయి. అక్కడ ఫోన్ హాట్‌స్పాటే దిక్కు. అలాంటివారికి మూడు దారులు.

మొదటిది ఓపిక. విండోస్ అప్‌డేట్ తెచ్చే పద్ధతిలో ఒక సుగుణముంది. నెట్ తెగినా, కరెంటు పోయినా దిగినంత వరకు అలాగే ఉంటుంది. మళ్లీ నెట్ రాగానే అక్కడి నుంచే అందుకుంటుంది. రోజూ రాత్రి మిగిలిన డేటాతో గంటసేపు దించుకున్నా నాలుగైదు రోజుల్లో పూర్తవుతుంది. తెల్లారేసరికి అవలేదని తీసేసి మొదటి నుంచి పెట్టడమే దండగ.

రెండోది ల్యాప్‌టాప్‌ను నెట్ బాగున్న బంధువుల ఇంటికి తీసుకెళ్లడం. పెళ్లికో పేరంటానికో వెళ్లినప్పుడు రెండు గంటలు వైఫై అడిగితే నెల పని తీరిపోతుంది.

మూడోది ఇంట్లో రెండు, మూడు కంప్యూటర్లున్నవారికి. డెలివరీ ఆప్టిమైజేషన్‌లో ఇతర కంప్యూటర్ల నుంచి డౌన్‌లోడ్ చేసుకునే వీలు ఉంటుంది. ‘లోకల్ నెట్‌వర్క్‌లోని కంప్యూటర్లు’ అన్నదాన్ని ఎంచుకోండి. ఒక కంప్యూటర్‌కు దిగిన అప్‌డేట్‌ను రెండోది దాని నుంచే తీసుకుంటుంది. బయటి నెట్ రెండుసార్లు ఖర్చు కాదు. ‘ఇంటర్నెట్‌లోని కంప్యూటర్లు’ కూడా అని ఉన్నదాన్ని ఎంచుకుంటే మన నెట్‌తో ఊరివాళ్లకూ పంచినట్టే. డేటా తక్కువున్నవారు దాని జోలికి వెళ్లకపోవడం మేలు.

59 రోజుల ఆలస్యం ఖరీదు

‘అప్‌డేట్ లేకపోతే ఏమవుతుంది, కంప్యూటర్ బాగానే నడుస్తోందిగా’ అనేవారు 2017ను గుర్తుచేసుకోవాలి. ఆ ఏడాది మార్చి 14న మైక్రోసాఫ్ట్ ఒక లోపానికి మందు విడుదల చేసింది. మే 12న అదే లోపం గుండా ‘వానాక్రై’ అనే వైరస్ లోకం మీద పడింది. మధ్యలో 59 రోజులు. ఆ వ్యవధిలో అప్‌డేట్ చేసుకున్న కంప్యూటర్లు బతికిపోయాయి. చేసుకోనివి సుమారు 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా దాని బారిన పడ్డాయి. ఫైళ్లకు తాళం వేసి 300 డాలర్లు కట్టమంది. బ్రిటన్‌లో ఆసుపత్రులు రోగుల అపాయింట్‌మెంట్లు రద్దు చేసుకున్నాయి. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దానికి చిక్కాయి. ఉచితంగా దొరికే మందు అల్మారాలోనే ఉండిపోయి రోగం ముదిరినట్టయింది.

ఇంట్లో కంప్యూటర్‌లో రహస్యాలేముంటాయి అనుకోవద్దు. పిల్లల సర్టిఫికెట్ల స్కాన్‌లు, పెళ్లి ఫొటోలు, పొలం పత్రాల కాపీలు.. తాళం పడితే తెలుస్తుంది వాటి విలువ. వీటిని నెలకోసారి పెన్‌డ్రైవ్‌లోనో, విడి హార్డ్ డిస్క్‌లోనో దాచుకుని, దాన్ని కంప్యూటర్ నుంచి తీసి విడిగా పెట్టండి.

విండోస్ 10 వాడేవారు ఇంకో సంగతి గమనించాలి. దానికి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. విడిగా నమోదు చేసుకున్న ఇంటి వినియోగదారులకు 2026 అక్టోబరు 13 వరకు భద్రతా అప్‌డేట్లు ఇస్తామని మైక్రోసాఫ్ట్ అప్పట్లో ప్రకటించింది. నమోదు చేసుకోని కంప్యూటర్‌కు భద్రతా అప్‌డేట్ రావడం లేదంటే నెట్ నెమ్మదిగా ఉండి కాదు, పంపడమే ఆగింది. కంప్యూటర్‌కు టీపీఎం 2.0, నాలుగు జీబీల ర్యామ్, 64 జీబీల స్టోరేజ్‌తో పాటు ప్రాసెసర్ కూడా సరిపోతేనే విండోస్ 11 ఎక్కుతుంది. సరిపోనివారు ఉచితంగా దొరికే లినక్స్‌కు మారొచ్చు. ఉబుంటు వేసుకున్నాక అప్‌డేట్ నెమ్మదిస్తే, అందులో సాఫ్ట్‌వేర్ అండ్ అప్‌డేట్స్ తెరిచి దగ్గరి సర్వర్‌ను ఎంచుకునే వీలు ఉంది.

వేగం పెంచుతామంటూ వస్తారు

అప్‌డేట్ పాకుతున్న ఇళ్ల మీద మోసగాళ్ల కన్ను ఉంటుంది. ‘మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది, ఈ నంబరుకు ఫోన్ చేయండి’ అని తెర నిండా ఎర్రగా వస్తుంది. లేదా మైక్రోసాఫ్ట్ నుంచి మాట్లాడుతున్నామంటూ ఎవరో ఫోన్ చేస్తారు. మైక్రోసాఫ్ట్ ఎవరికీ తనంతట తాను అలా ఫోన్ చేయదు. తెర మీద వచ్చే అసలు హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఉండదు. దూరం నుంచి మన కంప్యూటర్‌ను నడిపే యాప్ వేసుకోమన్నారంటే ఫోన్ పెట్టేయండి. డబ్బు పోయిందని తెలిసిన మరుక్షణం 1930కి ఫోన్ చేయండి. దేశంలో ఏ రాష్ట్రం నుంచైనా సైబర్ మోసాల ఫిర్యాదుకు అదే నంబరు.

‘నెట్ స్పీడ్ పెంచే’ సాఫ్ట్‌వేర్లూ అంతే. లైన్‌లో లేని వేగాన్ని ఏ సాఫ్ట్‌వేరూ పుట్టించలేదు. విండోస్ అప్‌డేట్‌ను సెట్టింగ్స్ నుంచి కాకుండా ఏదో సైట్ నుంచి దించుకోమంటే నమ్మొద్దు.

భాష వేరైనా అంకెలు ఒకటే

పరీక్షలో లోపం లైన్‌దే అని తేలితే నెట్ కంపెనీకి చెప్పాలి. ఇక్కడే సరిహద్దు తెలుగువారికి ఓ ఇబ్బంది. కస్టమర్ కేర్‌లో పలికేది బళ్లారిలో కన్నడం, హోసూరులో తమిళం, బరంపురంలో ఒడియా, సోలాపూర్‌లో మరాఠీ. బజారులో ఆ భాష గలగలా మాట్లాడే పెద్దవాళ్లు కూడా కంప్యూటర్ సంగతి చెప్పాల్సి వచ్చేసరికి తడబడతారు. ‘నెట్ స్లోగా ఉంది’ అని ఒక్క ముక్క అంటారు. అవతలివాళ్లు ‘రూటర్ ఆఫ్ చేసి ఆన్ చేయండి’ అని పెట్టేస్తారు.

అందుకే కాగితం మీద అంకెలు రాసుకోమన్నది. ‘నా ప్లాన్ 40. కేబుల్‌తో టెస్ట్ చేస్తే పొద్దున అయిదింటికి 6, రాత్రి తొమ్మిదింటికి 2. మూడు రోజులుగా ఇంతే’.. ఏ భాషలో చెప్పినా ఈ మాటకు ఎదురుండదు. స్పీడ్ టెస్ట్ తెరను ఫొటో తీసి ఉంచుకోండి. ఫిర్యాదు ఇచ్చాక డాకెట్ నంబరు అడిగి తీసుకోండి. ఆ నంబరు ఇవ్వడం వారి బాధ్యత. కేబుల్ ఆపరేటర్‌కు నోటిమాటగా చెప్పి ఊరుకుంటే అది ఫిర్యాదు లెక్కలోకి రాదు. బిల్లు మీద ఏ కంపెనీ పేరుందో దానికే చెప్పాలి.

పని కాకపోతే ట్రాయ్ 2012 నిబంధనల ప్రకారం అదే కంపెనీలోని అప్పీలు అధికారికి రాసుకోవచ్చు. ఇందుకు రుసుము లేదు. అప్పీలును 39 రోజుల్లో తేల్చాలి. చదువుకున్న పిల్లలు ఇంట్లో ఉంటే పక్కన కూర్చోబెట్టుకుని రాయించండి. బళ్లో నేర్చుకున్న కన్నడమో, ఒడియానో ఇలాంటప్పుడే అక్కరకొస్తుంది.

గుర్తుంచుకోండి

* బిల్లులోని ఎంబీపీఎస్‌ను ఎనిమిదితో భాగిస్తే సెకనుకు దిగే మెగాబైట్లు వస్తాయి.
* ఫిర్యాదుకు ముందు కేబుల్, వైఫై, ఫోన్, హాట్‌స్పాట్ అంకెలు రాసుకోండి.
* డౌన్‌లోడ్ ఆగిందా, ఇన్‌స్టాల్ ఆగిందా చూడండి. మొదటిదైతే నెట్, రెండోదైతే డిస్క్.
* సగంలో ఉన్న డౌన్‌లోడ్‌ను తీసేయకండి. ఆగినచోటి నుంచే అందుకుంటుంది.
* ఇన్‌స్టాల్ జరుగుతుండగా కరెంటు స్విచ్ కట్టేయకండి.
* నెలలో రెండో మంగళవారం మర్నాడు అర్జెంటు పనులు పెట్టుకోకండి.
* అప్‌డేట్‌ను రెండు రోజులు వాయిదా వేసినా ఫర్వాలేదు. మొత్తానికి ఆపేయించొద్దు. ఇప్పటికే ఎవరైనా ఆపేసి ఉంటే, ఈ రాత్రే సెట్టింగ్స్ తెరిచి ‘రెజ్యూమ్ అప్‌డేట్స్’ నొక్కండి. అది కనిపించకపోతే ఆపిన కుర్రాడినే పిలిచి తిరిగి ఆన్ చేయించండి.